సెలవులకొచ్చి డబ్బా దాచే ముందు: విదేశాల్లోని తెలుగు జియోకాషర్లకు బహిరంగ లేఖ

డాలస్‌లో, న్యూజెర్సీలో, లండన్‌లో, మెల్‌బోర్న్‌లో శని, ఆదివారాలు పిల్లల్ని వెంటబెట్టుకుని జియోకాషింగ్‌కు, అంటే ఎవరో దాచిన డబ్బాను జీపీఎస్ సాయంతో వెతికి పట్టుకునే ఆటకు, వెళ్తున్న తెలుగు కుటుంబాలకు నమస్కారం.

ఈ ఉత్తరంలో రెండు సంగతులు ఉన్నాయి. అక్కడ వేరేవాళ్లు దాచిన డబ్బాతో ఎలా మసలుకోవాలన్నది ఒకటి. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు హైదరాబాద్‌లోనో విశాఖలోనో మన పేరు మీద ఒక డబ్బా దాచిపోదామన్న కోరికను ఏం చెయ్యాలన్నది రెండోది. రెండోదాని గురించి కాస్త గట్టిగానే రాస్తున్నాం. ఇక్కడ ఈ ఆట తెలిసినవాళ్లు తక్కువ, అనుమానించేవాళ్లు ఎక్కువ. ఒక్క డబ్బా రాద్ధాంతమైతే మిగతావన్నీ కూడా పోతాయి.

కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు. 2000 మే దాకా సామాన్యులకు అందే జీపీఎస్ సంకేతంలో అమెరికా ప్రభుత్వం కావాలనే తప్పు కలిపేది. దానితో 100 మీటర్ల వరకు తేడా వచ్చేది. ఆ నెల మొదట్లో దాన్ని ఆపేశారు. మే 3న ఆరెగన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒక నల్ల బకెట్‌లో పుస్తకాలు, వీడియోలు, ఒక ఉండేలు, ఒక బీన్స్ డబ్బా లాంటివి పెట్టి దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో రాశాడు. ఏదైనా తీసుకోండి, ఏదైనా పెట్టండి, పుస్తకంలో రాయండి. అంతే నియమం. ఈ ఆట అలా మొదలైంది.

ఇసుక కట్ట పోసి, అందులో పుల్ల దాచి, ఎదుటివాళ్లు రెండు చేతులూ కలిపి ‘ఇక్కడుంది’ అని మూసే మన ఆటకు ఇది దూరపు చుట్టమే. కాకపోతే అక్కడ దాచినవాడు ఎదురుగా కూర్చుని చూస్తుంటాడు. ఇక్కడ దాచినవాళ్లు మీకెప్పటికీ కనపడరు. మీరెలా ఆడారో వాళ్లకు తెలిసేది రెండింటి వల్లే: వెతికిన సంగతి యాప్‌లో మీరు రాసే లాగ్, మీరు వదిలి వచ్చిన డబ్బా. ఈ ఆటలోని మర్యాదంతా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది. ఆటలోని తృప్తి కూడా అక్కడే ఉందని మా నమ్మకం.

లాగ్‌తో మొదలుపెడదాం. మీరు యాప్‌లో ‘దొరికింది’ అని నొక్కిన ప్రతిసారీ ఓనర్‌కు కబురు వెళ్తుంది. డబ్బా కొన్నది ఆయన. స్థలంవాళ్లను అడిగి ఒప్పించింది ఆయన. వాన వెలిశాక వెళ్లి తడిసిన కాగితం మార్చేది ఆయన. దీనంతటికీ ఆయనకు ముట్టే కూలి ఆ కబురు ఒక్కటే. తెరిచి చూస్తే టీఎఫ్‌టీసీ (థాంక్స్ ఫర్ ది కాష్, అంటే డబ్బాకు థాంక్స్) అని నాలుగక్షరాలు, లేదంటే వరసగా ఇరవై డబ్బాలకు అతికించిన ఒకే వాక్యం. అది కూలి ఎగ్గొట్టడమే. మూడు వాక్యాలు రాయండి చాలు. ఏ పూట ఎవరితో వెళ్లారు, దారిలో ఏం కంటబడింది, డబ్బా ఏ స్థితిలో ఉంది. ‘లోపల పొడిగా ఉంది, లాగ్‌బుక్‌లో పది పేజీలు మిగిలున్నాయి, ఎడమవైపు క్లిప్పు విరిగింది’ అన్న ఒక్క వాక్యంతో ఓనర్ వచ్చేసారి ఏం పట్టుకెళ్లాలో తెలుసుకుంటాడు. తెలుగులో రాయచ్చా అంటే నిక్షేపంగా రాయండి, డబ్బా స్థితి గురించి మాత్రం కింద ఒక వాక్యం అక్కడి భాషలో చేర్చండి. దాచిన చోటు బయటపెట్టొద్దు. ఫొటోలో కూడా అంతే, డబ్బా వెనక చెట్టు తొర్ర కనపడితే తర్వాతివాళ్ల ఆట మీరు ఆడేసినట్టే.

దొరకనప్పుడు రాయడానికి మనవాళ్లు వెనకాడతారు. మార్కుల జాబితాలు చూస్తూ పెరిగినవాళ్లం కదా, నీలం రంగు ఏడుపు మొహం మన పేరు పక్కన పడితే ఫెయిలైనట్టు అనిపిస్తుంది. డీఎన్‌ఎఫ్ అంటే వెతికాం, దొరకలేదు అని. ఓనర్‌కు దానికన్నా పనికొచ్చే సమాచారం లేదు. 1 నుంచి 5 దాకా ఉండే కొలతలో కష్టం 1.5 అని రాసి ఉన్న డబ్బాకు వరసగా ముగ్గురు డీఎన్‌ఎఫ్ రాస్తే డబ్బా పోయిందని దాదాపు ఖాయం చేసుకుని వెళ్లి చూస్తాడు. అదే ముగ్గురూ మొహమాటపడి ఊరుకుంటే నాలుగోవాళ్లు నలభై మైళ్లు కారు నడుపుకుంటూ వచ్చి ఖాళీ చెట్టు చుట్టూ తిరుగుతారు. కష్టం 4 ఉన్న డబ్బాకు మాత్రం పది డీఎన్‌ఎఫ్‌లున్నా కంగారు పడక్కర్లేదు, అది అలాగే ఉండాలి. ఎక్కడెక్కడ చూశారు, ఎంతసేపు చూశారు అన్నది రాస్తే మరీ మంచిది, చోటు పేరు చెప్పకుండా.

అరగంట వెతికి దొరక్క, డబ్బా పోయే ఉంటుందనుకుని, కార్లో ఉన్న సొంత డబ్బా ఒకటి అక్కడ పెట్టేసి ‘దొరికింది, పాతది పోతే కొత్తది పెట్టాం’ అని రాసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చెయ్యొద్దు. చాలాసార్లు అసలు డబ్బా రెండడుగుల పక్కనే ఉంటుంది. ఇక అక్కడ రెండు డబ్బాలు, రెండు లాగ్‌బుక్‌లు. ఎవరు దేనిలో సంతకం పెట్టారో తేల్చలేక ఓనర్ తల పట్టుకోవాలి. ముందు ఓనర్‌కు మెసేజ్ పెట్టండి. ఆయన సరేనంటే అది సాయం అవుతుంది. చెట్టుకొమ్మకు వేలాడుతూ కనపడింది గానీ అందలేదు అన్నా కూడా దొరికినట్టు కాదు. ఎక్కడం కష్టమనే కదా దానికి టెరైన్, అంటే చేరుకోవడం ఎంత కష్టమో చెప్పే అంకె, 4 అని ఇచ్చింది! పేరు లాగ్‌బుక్‌లో పడితేనే లెక్క.

వెతకడంలో జరిగే తప్పులు చాలామటుకు ఫోన్‌ను అతిగా నమ్మడం వల్లే. ఆరుబయట ఫోన్ 3 నుంచి 5 మీటర్ల తేడాతో చూపిస్తుంది. గుబురు చెట్ల కింద, ఎత్తైన భవనాల మధ్య సంకేతం గోడలకు కొట్టుకుని ఆలస్యంగా చేరుతుంది గనక 10 మీటర్లు దాటినా దాటుతుంది. దాచినవాళ్ల ఫోన్‌కు కూడా ఇదే తేడా ఉంటుంది. కాబట్టి 10 మీటర్లు అని చూపించగానే ఫోన్ జేబులో పెట్టేయండి. సున్నా చూడాలని గిరగిరా తిరిగితే గడ్డి అణిగి బాట పడుతుంది. ఆ బాట చూసి ఆటతో సంబంధం లేనివాళ్లు, అంటే మనం మగ్గిల్స్ అని పిలిచేవాళ్లు, డబ్బా దాకా వస్తారు. నిలబడి చూడండి. గాలికి రాలిన పుల్లలు అడ్డదిడ్డంగా పడతాయి. నాలుగు పుల్లలు ఒకే వైపు తలపెట్టి, చాప మీద పిల్లల్లా పక్కపక్కనే పడుకుని ఉంటే పేర్చింది మనిషే. రాయి కూడా అంతే. పాచి పట్టిన ముఖం నేలకు, మట్టి అంటిన ముఖం ఆకాశానికి తిరిగి ఉందంటే ఈమధ్య ఎవరో కదిపిన రాయి అది. ఈ చూపు అలవడ్డాక డబ్బా లేని చోట కూడా కన్ను పనిచేస్తూనే ఉంటుంది. దొరికిన డబ్బాల లెక్క ఎన్ని వందలైనా ఆ సుఖం ముందు చిన్నదే.

పజిల్ విప్పి సొంతంగా చోటు లెక్కకట్టుకునే మిస్టరీ కాష్‌లలో ఇంకో చిక్కు వస్తుంది. ఈ ఆటలో కొలత డిగ్రీలు, దశాంశ నిమిషాల్లో ఉంటుంది. ఉత్తరం 17° 25.500 అనుకోండి. దీన్ని తీసుకెళ్లి మ్యాప్‌లో 17.25500 అని కొడితే దాదాపు 19 కిలోమీటర్లు దక్షిణానికి పోతారు. 25.5ను 60తో భాగిస్తే 0.425 వస్తుంది, అంటే 17.425 అని కొట్టాలి. నిమిషాల్లో ఆఖరి అంకె ఒకటి అటూ ఇటూ అయితే అక్షాంశంలో 1.85 మీటర్ల తేడా మాత్రమే, దానికి భయపడక్కర్లేదు.

కంటికి కనపడని సందులో చెయ్యి పెట్టొద్దు, ముందు కర్రతో తట్టండి. టెక్సస్‌లో నిప్పుచీమలు, పాములు. న్యూజెర్సీ పొదల్లో లైమ్ జబ్బు తెచ్చే పిడుదులు, ఇంటికొచ్చాక పిల్లల మోకాలి మడతలు, చెవుల వెనక చూడండి. మూడేసి ఆకుల పాయిజన్ ఐవీని గుర్తుపట్టడం పిల్లలకు ముందే నేర్పండి. డబ్బా ఉన్నది పార్కింగ్ దీపస్తంభం అడుగున ఉండే రేకు తొడుగులో అయితే ఆ తొడుగు ఎత్తడం వరకే, కరెంటు పెట్టె మూత స్క్రూలు విప్పడం ఎవరి పనీ కాదు. గోడ రాళ్లు ఊడదీయడం, గడ్డిలో నీళ్లు చల్లే గొట్టాలు పీకడం కూడా అంతే. సరిగ్గా దాచిన డబ్బాకు పనిముట్లతో, పారతో పని ఉండదు. స్థలంవాళ్ల ప్రత్యేక అనుమతి లేకుండా నేల తవ్వి పాతిపెట్టడం దాచేవాళ్లకే నిషేధం. పిల్లల ఆటస్థలం దగ్గర పెద్దవాళ్లు ఒంటరిగా తచ్చాడితే చూసేవాళ్లు భయపడతారు, అక్కడికి పిల్లలతోనే వెళ్లండి. పోలీసు వచ్చి అడిగితే తడబడకుండా యాప్ తీసి చూపించి ఉన్నమాట చెప్పండి. కథలల్లితే అనుమానం రెట్టింపవుతుంది.

ఇప్పుడు డబ్బా తెరిచారు. బొమ్మలు కనపడగానే పిల్లలు ఎగబడతారు, సహజం. ఒకటి తీసుకుంటే దానికి సరితూగేదో, ఇంకా మెరుగైనదో పెట్టాలి. పెట్టడానికి ఏమీ తెచ్చుకోకపోతే ఏమీ తీసుకోవద్దు, సంతకం పెట్టి మూసేయండి. విరిగిన బొమ్మ, హోటల్ బిల్లు, తుప్పు పట్టిన తాళంచెవి బదులు కింద లెక్కకు రావు. తిండి ఏ రూపంలోనూ వద్దు, చూయింగ్ గమ్ కూడా. మనకు వాసన రాకపోయినా ఎలుకకు, రకూన్‌కు వస్తుంది, అవి ప్లాస్టిక్‌ను కొరికి తెరుస్తాయి. మొదటి బకెట్‌లో బీన్స్ డబ్బా ఉంది కదా అంటే, ఆ తర్వాత నేర్చుకున్న పాఠాల్లో ఇదొకటి. సబ్బునీటి బుడగల సీసాలు చలికి గడ్డకట్టి పగులుతాయి. కత్తులు, లైటర్లు, మందులు, మద్యం గురించి చెప్పక్కర్లేదనుకుంటాం.

మన ఇళ్లకు సంబంధించిన మాట ఒకటి ఉంది. మంచి మనసుతోనే కొందరు కుంకుమ పొట్లం, ప్రసాదం, చిన్న దేవుడి పటం డబ్బాలో పెడతారు. ప్రసాదం తిండే. కుంకుమ పొట్లం తేమకు విచ్చుకుందంటే లాగ్‌బుక్ మొత్తం ఎర్రబడి ఒక్క సంతకం కూడా చదవడానికి రాదు. పటం ఎప్పుడో ఒకప్పుడు బురదలో పడుతుంది, అది చూసి బాధపడేది కూడా మనమే. మన ఊరి గుర్తు పెట్టాలనుకుంటే ఏటికొప్పాక లక్క బొంగరం అంత బాగా ఇమిడేది లేదు. బొటనవేలంత ఉంటుంది, లక్క పూత ఉంది గనక తేమకు కొంత తట్టుకుంటుంది, అక్కడి పిల్లలకు అది తెలియని వస్తువు. కొండపల్లి బొమ్మ వద్దు. పొనికి చెక్క తేలిక, మెత్తన. తడికి రంగు లేచిపోయి పాడైపోతుంది. జిప్ కవరులో వేసిన తపాలా బిళ్లలు కూడా బాగుంటాయి. ఆస్ట్రేలియావాళ్లు చెక్క వస్తువు ఏదైనా విమానాశ్రయంలో చెప్పి మరీ తీసుకెళ్లాలి.

నంబరు చెక్కిన బిళ్లతో ఉండే ట్రావెల్ బగ్, జియోకాయిన్ లాంటివి బహుమతులు కావు, డబ్బా నుంచి డబ్బాకు తిరిగే ప్రయాణికులు. తీసుకుంటే రెండు వారాల్లో ఇంకో డబ్బాలో దించాలి, తీసినట్టు, దించినట్టు రెండూ నమోదు చెయ్యాలి. నంబరు కనపడేలా ఫొటో పెట్టొద్దు, చూడనివాళ్లు కూడా చూశామని రాసుకుంటారు. ఇండియా తీసుకొచ్చి వదిలేద్దామని ఉత్సాహం పుడుతుంది. దాని యజమాని రాసుకున్న గమ్యం ఇండియా అయితే సరే. కాకపోతే మీతో పాటు తిప్పి, ‘విజిట్’ అని నమోదు చేసి, వెనక్కి తీసుకెళ్లండి. జనం తక్కువగా వెళ్లే డబ్బాలో పడితే అది అక్కడే ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

సంతకానికి పెన్సిల్ వాడండి. పెన్ను తడి కాగితం మీద పడదు, పడినా సిరా పాకుతుంది. చిటికెన వేలి గోరంత నానో డబ్బాల్లో పొడి అక్షరాలు, తేదీ చాలు. ఆ కాగితాన్ని బయటికి లాగడానికి పట్టకారు ఒకటి సంచీలో ఉండాలి. తిరిగి చుట్టేటప్పుడు బిగుతుగా చుట్టండి, వదులుగా చుట్టి మూత నొక్కితే అంచు నలిగి చిరుగుతుంది.

మూయడం గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే డబ్బాలు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. నాలుగు క్లిప్పుల డబ్బా మూత లోపల రబ్బరు పట్టీ ఉంటుంది. లాగ్‌బుక్ చుట్టిన జిప్ కవరు మూల ఒకటి బయటికి వచ్చి ఆ పట్టీకి, అంచుకు మధ్య చిక్కుకుంటుంది. క్లిప్పులు పడతాయి, మూత పడ్డట్టే ఉంటుంది. కానీ ఆ కవరు మడత దీపంలో ఒత్తిలా నీటిని లోపలికి లాగుతుంది. పగటి వేడికి వ్యాకోచించిన గాలి రాత్రి చల్లబడి కుంచించుకున్నప్పుడు బయటి తేమను పీలుస్తుంది కూడా. వారంలో లోపల చిన్న చెరువు. సిలికా పొట్లం ఒక్కసారి తేమతో నిండాక, వేడి చేసి ఆరబెడితే తప్ప పనికిరాదు. అందుకని కవరులోని గాలి తీసేసి, మడిచి, డబ్బా మధ్యలో పెట్టండి. పట్టీ మీద ఇసుక, పుల్లముక్కలు ఉంటే వేలితో తుడవండి. నాలుగు క్లిప్పులూ పడ్డ చప్పుడు వినండి. తర్వాత మూత చుట్టూ గోరు తిప్పి చూడండి, కవరు తగిలితే తెలిసిపోతుంది.

దొరికిన చోటే, దొరికినట్టే పెట్టండి. ‘ఇంకొంచెం బాగా దాచాం’ అన్న లాగ్ చదివితే ఓనర్ గుండె జారుతుంది. కష్టం అంకె, హింట్, కొలత అన్నీ పాత చోటును బట్టి రాసినవి. మీరు రెండు మీటర్లు జరిపితే తర్వాతి వాళ్లు వెతికేది ఓనర్ ఆటను కాదు. చోటు సరైనది కాదేమోనని అనుమానంగా ఉంటే ఫొటో తీసి ఓనర్‌కు విడిగా పంపండి.

అంకెల గురించి ఒక మాట. ఒక్కో 161 మీటర్లకు ఒకటి చొప్పున రోడ్డు పొడవునా వందల డబ్బాలు పేర్చిన దారులుంటాయి. ఒక్కరోజులో లెక్క ఎగబాకుతుంది, తప్పేమీ లేదు. కానీ ప్రీమియం సభ్యులకు ప్రతి పది డబ్బాలకు ఒక ఫేవరెట్ పాయింట్ వస్తుంది కదా, ఏ డబ్బాకు ఇద్దామా అని కూర్చుని ఆలోచించినప్పుడు ఆ వందల్లో ఒక్కటి కూడా గుర్తుకు రాదు. ఎవరో శ్రద్ధగా చెక్కిన చెక్కపెట్టె, ఊరి పాత బావి దగ్గరికి తీసుకెళ్లిన డబ్బా, పిల్లాడు మీకన్నా ముందు కనిపెట్టినది, అవే గుర్తుంటాయి.

ఇక ఇంటికి వచ్చినప్పటి సంగతి.

సెలవుల్లో పెట్టి వెళ్లిపోయే డబ్బాలను రివ్యూయర్లు, అంటే కొత్త డబ్బాలను పరిశీలించి ఆటలో చేర్చే స్వచ్ఛంద కార్యకర్తలు, మామూలుగా ఒప్పుకోరు. తడిసిన డబ్బాను చూడడానికి న్యూజెర్సీ నుంచి ఎవరూ రాలేరు గనక. ‘ఊళ్లో బాబాయి ఉన్నాడు, చూసుకుంటాడు’ అంటారు. బాబాయికి ఈ ఆటలో అకౌంటు ఉందా? ఎవరో డీఎన్‌ఎఫ్ రాస్తే ఆయనకు తెలుస్తుందా? ఆదివారం పూట ఆటో ఎక్కి వెళ్లి పొదలో వంగి చూసే ఓపిక ఉందా? ఉంటే ఆయన్నే ఓనర్‌ను చెయ్యండి, డబ్బా మీరు కొనివ్వండి. లేకపోతే ఆ పేరు రివ్యూయర్‌కు చూపించే కాగితం మాత్రమే.

మన వాతావరణం డబ్బాను ఊరుకోనివ్వదు. ఏప్రిల్, మే ఎండల్లో బండరాయి మీద పెట్టిన ప్లాస్టిక్ క్లిప్పుల కీళ్లు పెళుసెక్కుతాయి, రబ్బరు పట్టీ బిగుసుకుపోతుంది. జూన్‌లో మొదటి గట్టి వానకు ఒక క్లిప్పు ఊడుతుంది, ఆగస్టుకు లోపల బూజు. పగులు దొరికితే కాగితాన్ని చెదలు వదలవు. ప్లాస్టిక్ డబ్బా అంటే కోతులకు తిండి అనే లెక్క. చెత్త ఏరుకునే మనిషికి అది కిలోల్లెక్కన అమ్ముడుపోయే వస్తువు, తీసుకెళ్తే ఆ మనిషి తప్పు కాదు.

వీటన్నిటికన్నా పెద్ద సంగతి భయం. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్ దగ్గర, 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో ఏం జరిగిందో హైదరాబాద్ మర్చిపోలేదు. బెంచీ కింద ఎవరిదో తెలియని డబ్బా కనపడితే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పమని మన స్టేషన్లలో చెప్తూనే ఉంటారు. అలాంటి ఊళ్లో టేపు చుట్టిన డబ్బా బెంచీ అడుగున అతికించి మీరు విమానమెక్కితే, దాన్ని చూసి కేక పెట్టేది టీ బండి కుర్రాడు. స్టేషన్‌లో కూర్చుని జవాబు చెప్పాల్సింది అక్కడి వాచ్‌మన్. ఇంగ్లండ్‌లో వెదర్‌బీ అనే చిన్న ఊళ్లో 2011లో ఇలాంటి డబ్బాను బాంబు అనుకుని వీధి ఖాళీ చేయించి, బాంబు దళం వచ్చి పేల్చేసింది. ఈ ఆట బాగా తెలిసిన దేశంలోనే అలా జరిగింది. కాబట్టి రైల్వే స్టేషన్, బస్టాండు, మెట్రో, గుడి, మసీదు, చర్చి, బడి, వంతెన, డ్యామ్, కంటోన్మెంట్, వీటి దరిదాపుల్లో డబ్బా వద్దే వద్దు. గోల్కొండ, చార్మినార్ లాంటి పురావస్తు శాఖ కట్టడాల రాళ్ల సందుల్లో వేలు కూడా పెట్టొద్దు. కేబీఆర్ పార్కు నగరం మధ్యలో ఉన్నా జాతీయ ఉద్యానవనమే, వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది.

ట్రెక్కింగ్‌కు అక్కడ వాడే పరికరం గురించి కూడా. దారి చూపించే మామూలు జీపీఎస్ రిసీవర్ వేరు, ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరం వేరు. రెండోదాన్ని, శాటిలైట్ ఫోన్‌ను అనుమతి లేకుండా ఇండియాలోకి తెస్తే జప్తు చేస్తారు, అరెస్టు కూడా కావచ్చు. ఇంట్లోనే పెట్టి రండి.

అయినా పెట్టి తీరాలంటే, చూసుకునే మనిషి ఉంటే, పద్ధతి ఇది. తెలిసినవాళ్ల పొలం, తోట, అపార్ట్‌మెంట్ ఆవరణ లాంటి సొంత స్థలం ఎంచుకోండి. అసోసియేషన్ సెక్రటరీకి, వాచ్‌మన్‌కు డబ్బా తెరిచి చూపించి, ఒప్పుకున్నది ఎవరో ఆ డబ్బాకు ఇంటర్నెట్‌లో ఉండే కాష్ పేజీలో రాయండి. డబ్బా 500 నుంచి 700 మిల్లీలీటర్ల, లోపలిది బయటికి కనపడే పారదర్శకమైనది, నాలుగు క్లిప్పులది. రెండు చివరలా మూసిన పీవీసీ గొట్టం, నల్ల టేపు, తీగలు, బ్యాటరీలు ఏవీ వద్దు. పైన తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషులో ‘ఇది జియోకాష్ అనే ఆట డబ్బా, ప్రమాదం లేదు’ అని, చూసుకునేవాళ్ల ఫోన్ నంబరు చెరగని సిరాతో రాయండి. లోపల జిప్ కవరులో లాగ్‌బుక్, రెండు పెన్సిళ్లు, చెక్కుడు మర, ఆట గురించి ఒక చీటీ. కొలత మ్యాప్ మీద గుర్తుపెట్టి తీసుకోవద్దు, ఉపగ్రహ చిత్రం కొన్ని మీటర్లు జరిగి ఉండవచ్చు. ఫోన్‌ను డబ్బా మీద మూడు నాలుగు నిమిషాలు ఉంచి రాసుకోండి. దూరం వెళ్లి వేరే దిక్కు నుంచి వచ్చి మళ్లీ రాసుకోండి. ఇంకో రోజు ఇంకో రెండుసార్లు తీసి సగటు కట్టండి. ఆ అంకెలు చోటు తెలియని మనిషికి ఇచ్చి పంపితే అసలు పరీక్ష. వీల్‌చైర్ వెళ్లగలిగితేనే టెరైన్ 1, పడవో తాడో కావాలంటే 5.

మీరు అక్కడే ఉండి నడపగలిగినది మాత్రం ఒకటుంది. డబ్బా అక్కర్లేని ఎర్త్‌కాష్ అది. 2004 నుంచి ఉంది. భూమి కథ చెప్పే చోటుకు మనిషిని తీసుకెళ్లి, అక్కడ నిలబడి చూస్తే తప్ప చెప్పలేని ప్రశ్నలు అడుగుతారు. వెళ్లినవాళ్లు జవాబులు ఓనర్‌కు పంపి లాగ్ చేస్తారు. తడిసేది లేదు, భయపెట్టేది లేదు, జవాబులు చదివి బదులివ్వడం ఏ దేశం నుంచైనా చెయ్యచ్చు. మన దగ్గర ఇలాంటి చోట్లకు కొదవ లేదు. విశాఖ, భీమిలి మధ్య ఎర్రమట్టి దిబ్బలు జాతీయ భూవైజ్ఞానిక స్మారకం. ఇసుక రేణువులకు పట్టిన ఇనుప ఆక్సైడ్ పూతే ఆ ఎరుపు. తిరుమల శిలాతోరణం గాలికీ నీటికీ కరిగి మిగిలిన క్వార్ట్‌జైట్ రాయి. హైదరాబాద్ గుండ్లు సుమారు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైట్. పగుళ్ల వెంట నీరు దిగి నేల లోపలే మూలలు అరిగి గుండ్రనయ్యాక, పైమట్టి కొట్టుకుపోయి బయటపడ్డాయి.

ప్రశ్న రాయడంలోనే ఉంది నేర్పంతా. ‘ఈ రాయి వయసెంత’ అని అడిగితే ఇంట్లో కూర్చుని ఫోన్‌లో చూసి చెప్తారు. ‘దిబ్బల్లో నీరు కోసిన గాడి మీ ఎత్తుకు ఎన్ని రెట్లు లోతు? పైపొర ఎరుపుకు, కిందిపొర రంగుకు తేడా ఏమిటి, ఏది గట్టిగా కనిపిస్తోంది?’ అని అడగండి. ‘ఈ గుండు మీద ఉల్లిపొరలా లేచిన పెచ్చు మీ వేలెడు మందముందా, అరచెయ్యంతా? పగులు ఏ దిక్కుకు పోతోంది?’ అని అడగండి. గీకమని, ముక్క విరిచి తెమ్మని, గోడ ఎక్కమని అడగొద్దు. కంచె ఉన్న చోట కంచె బయటి నుంచి చూసి చెప్పగలిగిన ప్రశ్నే వెయ్యండి. మీరు స్వయంగా వెళ్లి, జవాబులు మీరే రాసి చూసుకున్నాకే పంపండి. అదే చోట ఇంకొకరిది ఉందేమో మ్యాప్‌లో ముందే చూసుకోండి. వ్యాసం ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ రాయండి. ఆ దిబ్బల పక్కనే బడికి వెళ్లే పిల్లలు చదవాలి కదా.

ఇదివరకే ఎక్కడో ఒక డబ్బా పెట్టి వెళ్లినవాళ్లు ఉంటే మా అభ్యర్థన ఒక్కటే. వచ్చే వానాకాలం లోపు దాన్ని తీయించండి. ముందు కాష్ పేజీని తాత్కాలికంగా ఆపండి, లేకపోతే తీసిన మర్నాడు ఎవరో వెతుక్కుంటూ వస్తారు. చోటు ఫొటో, మీ పాత ఫొటోలో దూరంగా కనపడే గుర్తు, నేల నుంచి ఎంత ఎత్తు అన్నవి దగ్గరి చుట్టానికి పంపండి. పగటిపూట, ఆ స్థలంవాళ్లకు చెప్పి, ఇద్దరు కలిసి వెళ్లమనండి. దొరికితే చేతిలో డబ్బాతో ఫొటో తెప్పించుకున్నాకే పేజీ ఆర్కైవ్ చెయ్యండి, అంటే శాశ్వతంగా మూసేయండి. అరగంటలో దొరక్కపోతే ఆ మాటే పేజీలో రాసి ఆర్కైవ్ చెయ్యండి. లోపల ట్రావెల్ బగ్ ఏదైనా ఉంటే మీకు చేర్చమనండి, దాని యజమాని ఎదురుచూస్తుంటారు. లాగ్‌బుక్‌ను చెత్తబుట్టలో వేయనివ్వకండి. పేజీలు విడదీసి, పాత దినపత్రికల మధ్య నీడన రెండు రోజులు ఆరబెట్టి, ఒక్కో పేజీ ఫొటో తీసి కాష్ పేజీలో పెట్టించండి. ఆ ఎండలో వెతుక్కుంటూ వచ్చి సంతకం పెట్టి వెళ్లినవాళ్లు అందులో తమ పేరు చూసుకుంటారు.

ఇట్లు,
మీ తోటి జియోకాషర్లు